మెదక్ చర్చి ఎవరు కట్టారు?

జెద్దాలో మేముండే అల్ అజీజియా పేటలో మనవాళ్లకు కొదవ లేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం పక్క ఫ్లాటు పిల్లవాడు మా ఇంటికొచ్చి, గోడ మీదున్న మెదక్ చర్చి ఫోటో చూసి, "ఇది ఇంగ్లండులోదా అంకుల్?" అని అడిగాడు. కాదురా, మా మెదక్‌దే అన్నాను. "ఎవరు కట్టారు?" అన్నాడు. పాస్నెట్ దొర అన్నాను. "ఒక్కడేనా?" అన్నాడు.

వాడు నవ్వుతూనే అడిగాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న ముల్లులా దిగబడింది. మెదక్ చర్చి గురించి తెలుగులో ఇంతకాలం నేను చదివిన వ్యాసాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. అవన్నీ ఇంచుమించు ఒకే వ్యాసం. ముందు కొలతలు: పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం 173 అడుగులు. తర్వాత చార్మినార్ కంటే ఎత్తన్న గొప్ప. ఆపైన కరవు, దొర దయ. చివర రంగుటద్దాల వర్ణన. కట్టినవాళ్ల ఊసు మాత్రం ఉండదు.

ముందు ఒక పొరపాటు సరిచేసుకుందాం. వాటికన్ తర్వాత ప్రపంచంలో ఇదే పెద్ద చర్చి అని కొందరు రాసేస్తుంటారు. రోములోని సెయింట్ పీటర్స్ చర్చి పొడవే 600 అడుగులు దాటుతుంది. ఈ రెంటికీ మధ్య ఇమిడే చర్చిలు యూరపులో ఎన్నో ఉన్నాయి. మెదక్ డయాసిస్ గురించి చెప్పుకునే గొప్పను తెచ్చి కట్టడానికి తగిలించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మన కట్టడాన్ని ప్రేమించడానికి దాని కొలతలు పెంచనక్కరలేదు.

ఇక పిల్లవాడి మొదటి ప్రశ్న. ఇంగ్లండులోదా అని వాడు అడగడంలో తప్పు లేదు. కోసుగా లేచిన కమానులు, పొడవాటి నడిమి హాలు, శిలువ ఆకారంలో పక్కలకు చాచిన రెక్కలు, ముందు గంట గోపురం, ఇవన్నీ ఇంగ్లండు మధ్యయుగాల నాటి చర్చిల లక్షణాలే. అక్కడి పల్లెల్లో అలాంటి పారిష్ చర్చిలు ఈనాటికీ వేలల్లో నిలిచి ఉన్నాయి. అయితే వాటికీ మెదక్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడి చర్చి ఒక్క తరంలో కట్టింది కాదు. 12వ శతాబ్దపు గుండ్రటి కమాను, 13వ శతాబ్దపు కోసు కమాను, 15వ శతాబ్దపు వెడల్పాటి కిటికీ ఒకే కప్పు కింద పక్కపక్కన కనిపిస్తాయి. ఉన్ని వ్యాపారం కలిసొచ్చిన ఊళ్లలో చర్చి పెరిగింది. బలిపీఠం ఉన్న భాగం బాగోగులు రెక్టరువి, జనం నిలబడే హాలు బాగోగులు ఊరివి. తాపీవాడికి ఎంత, వడ్రంగికి ఎంత, గంట తాడుకు ఎంత అని ఊరి పెద్దలు రాసుకున్న లెక్కల పుస్తకాలు కొన్నిచోట్ల మిగిలాయి.

మెదక్ చర్చి అలా పెరిగింది కాదు. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. పదేళ్ల పని. 19వ శతాబ్దంలో ఇంగ్లండు తన మధ్యయుగాన్ని తిరిగి తలచుకుని కట్టుకున్న గోథిక్ పద్ధతి, సముద్రం దాటి నిజాం రాజ్యానికి వచ్చింది. ఇంకో విచిత్రం. చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు. బ్రిటన్‌లో ఆ శాఖకు బిషప్పులే లేరు. అంటే కట్టిననాడు ఇది కెథడ్రల్ కాదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాకే ఆ హోదా వచ్చింది. కట్టడం ముందు, పదవి తర్వాత!

పద్ధతి అరువుదని కొట్టిపారేయగలమా? చలిదేశంలో వెలుతురు కోసం తెరిచిన పెద్ద కిటికీలు మన ఎండకు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఇక్కడ జెద్దా పాతపట్నం అల్ బలద్‌లో తిరిగినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది. ఎర్రసముద్రపు పగడపు రాయితో కట్టిన ఆ ఇళ్లకు రోషన్లనే చెక్క జాలీ కిటికీలుంటాయి. గాలిని రానిస్తాయి, ఎండను ఆపుతాయి. ఎండను తెలిసినవాళ్ల పని అది. మన దగ్గర డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన కెథడ్రల్ కూడా ఆ దారే వెతికింది. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిలో గుమ్మటాలూ, దేవాలయపు స్తంభాలూ, తామర రేకులూ కలిశాయి. చూడగానే మన ఊరిదని తెలుస్తుంది. కట్టడం మన భాషలో మాట్లాడాలంటే నా ఓటు డోర్నకల్‌కే.

కానీ మెదక్ గొప్పదనం ఆ అద్దాల్లో ఉంది. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన మూడు కిటికీలు మూడు కాలాల్లో వచ్చాయి: ఆరోహణం 1927లో, జననం 1947లో, శిలువ 1958లో. మొదటి రెండూ నిజాం రాజ్యంలోకి వచ్చాయి, మూడోది ఆంధ్రప్రదేశ్‌లోకి. ఇవాళ మూడూ తెలంగాణలో ఉన్నాయి. అంటే ఇదీ ఒక్కసారిగా ముగిసిన కట్టడం కాదు. బయటి నుంచి చూస్తే ఆ అద్దాలు మసకగా ఉంటాయి. లోపల నిలబడితేనే, అదీ పగటి వెలుగు ఉంటేనే, రంగులు పలుకుతాయి. ఎక్కువైన ఎండను అక్కడ రంగుగా మార్చారు. ఈ ఒక్కచోట అరువు పద్ధతి మన ఎండతో రాజీపడింది.

ఇక రెండో ప్రశ్న. కరవులో అన్నం పెట్టి పని చేయించారన్న కథ లక్నోలోని బడా ఇమాంబాడాకూ ఉంది. 1784లో నవాబు ఆసఫుద్దౌలా అలాగే మొదలుపెట్టాడంటారు. రెండు కథల్లోనూ పెట్టినవాడికి పేరుంది, తిన్నవాడికి ఆకలి మాత్రమే ఉంది. పాస్నెట్ మంచితనాన్ని నేను శంకించడం లేదు. ఆకలికి అన్నం పెట్టడం చిన్న విషయం కాదు. కానీ ఆ అన్నం ఊరికే పెట్టింది కాదు కదా! చెమటోడ్చి సంపాదించుకున్నది. దాన్ని దానమని రాస్తూ పోతే, కూలి అనే మాట కథలోంచి జారిపోతుంది.

మా అవ్వ చెప్పేది: "మా నాయిన ఆడ రాళ్లు మోసిండు బిడ్డా." అంతే. ఏ రాయో, ఎన్నేళ్లో ఆమెకు తెలియదు. పండుగనాడు చర్చికి పోతే, మేం క్రైస్తవులం కాకపోయినా, ఒక స్తంభాన్ని తాకి చేయి కళ్లకద్దుకునేది. అది మొక్కు అనుకునేవాణ్ణి. తండ్రిని తాకుతోందని ఈ మధ్యనే అర్థమైంది.

అజీజియాలో మా వీధి చివర కొత్త భవనం లేస్తోంది. సారువ మీద కరీంనగర్ మాటా, పాలమూరు మాటా వినిపిస్తుంటాయి. రేపు దాని ముందు ఫలకం మీద ఎవరి పేర్లుంటాయో మనకు తెలుసు. ఎవరివి ఉండవో కూడా తెలుసు.

అందుకే మన సంఘం సభ్యులకు ఒక విన్నపం. ఈసారి సెలవుల్లో మెదక్ వెళ్లినవాళ్లు ఫోటోలతో పాటు చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్లను అడగండి. మీ తాతలెవరైనా అక్కడ పని చేశారా, ఏం పని, కూలి ఏమిచ్చారు అని. దొరికిన ప్రతి పేరూ రాసి పెట్టుకోండి. ఇంగ్లండు పల్లెలు గంట తాడుకు కూడా లెక్క రాసుకున్నాయి. వందేళ్లు ఆలస్యమైనా మనం మనుషులకైనా రాద్దాం.

పిల్లవాడికి ఇంకా జవాబు బాకీ ఉన్నాను. ఒక్కడు కాదురా నాన్నా, మా ముత్తాత కూడా కట్టాడు. ఆయన పేరు మాత్రం అవ్వను అడగడం మరిచాను.