బిట్టుల బోధన : ఒక విమర్శ

ఇటలీలోని ఇవ్రేయాలో 2005లో రూపొందిన ఆర్డుయినో పలక నేడు మన ఉన్నత పాఠశాలలకును వచ్చినది. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద నెలకొల్పిన టింకరింగ్ ప్రయోగశాలలలో 6 నుండి 12వ తరగతి విద్యార్థులు దానిని వాడుచున్నారు. దీపము వెలిగించుటకు ‘డిజిటల్‌రైట్’ అను ఆజ్ఞ చాలును. తొలిపాఠమునకు ఇది చక్కని మార్గమే. కాని అక్కడనే ఆగిపోవు పాఠము అసంపూర్ణము. ఆజ్ఞ వెనుక ఏమి జరుగునో దానివలన తెలియదు.

ఊనో పలకపై ఏటీమెగా 328పీ అను మైక్రోకంట్రోలరు గలదు. అందలి ‘పోర్ట్ బి’ అను రిజిస్టరులో ఎనిమిది బిట్టులున్నవి. ఒక్కొక్క బిట్టు 0 గాని 1 గాని అగును. ఛందస్సు చదివిన తెలుగు విద్యార్థికి ఇది క్రొత్త గాదు. గురులఘువులను మూడు స్థానములలో అమర్చినచో 8 గణములు వచ్చును; ఎనిమిది స్థానములలో అమర్చినచో 256 రూపములు వచ్చును.

తిరుమలగిరి ప్రాంతమున ఒక బోరుబావి మోటారుకు విద్యార్థులు నియంత్రణ సాధనము చేయుచున్నారనుకొందము. మోటారు రిలేను 13వ పిన్నుకు, అనగా 5వ బిట్టుకు కలిపిరి. దాని విలువ 32. హెచ్చరిక దీపమును 8వ పిన్నుకు, అనగా 0వ బిట్టుకు కలిపిరి. దాని విలువ 1. మోటారు నడుచుచుండగా రిజిస్టరులో 1 వ్రాసినచో దీపము వెలుగును, కాని మోటారు ఆగిపోవును! పాత విలువను 1తో ‘ఆర్’ చేసినచో 33 వచ్చును; రెండును పనిచేయును. దీపమును ఆర్పుటకు 254తో ‘అండ్’ చేయవలెను. అప్పుడు 32 మిగులును. ఈ 1, 254లను మాస్కులందురు. ఒక మడికి నీరు పెట్టువాడు ప్రక్కమడి గట్టు తెగకుండ చూచుకొనవలెను గదా! బిట్టుల విద్యలోని సారము ఇదియే.

అట్లని మాస్కులు నేర్చినవారు డిజిటల్‌రైట్‌ను నిదానమైనదని చులకన చేయుట తగదు. అది నిదానమే. 16 మెగాహెర్ట్జ్ వేగమున ఒక బిట్టును మార్చు యంత్రాదేశమునకు 125 నానోసెకండ్లు చాలును. డిజిటల్‌రైట్‌కు కొన్ని మైక్రోసెకండ్లు పట్టును. కాని మాస్కుతో పెక్కు బిట్టులను ఒకేసారి మార్చునపుడు చదువుట, మార్చుట, వ్రాయుట అను మెట్లున్నవి. నడుమ ఇంటరప్టు వచ్చి అదే రిజిస్టరును మార్చినచో ఆ మార్పు పోవును. డిజిటల్‌రైట్ ఆ కొద్ది క్షణము ఇంటరప్టులను నిలిపి, పిదప యథాస్థితికి తెచ్చును. మోటారు విషయమున మైక్రోసెకండ్ల ఆలస్యము లెక్కకు రాదు, భద్రతయే ముఖ్యము.

కావున సులభమైన ఆజ్ఞతో ఆరంభించి, పిదప కాగితముపై ఎనిమిది గడులు గీయించి, ఆర్, అండ్‌లను చేతితో చేయించుట మేలు. తరగతిలో మోటారు అక్కరలేదు. పలకమీది దీపము 13వ పిన్నుకే కలిసియున్నది. 8వ పిన్నుకు తగిన రెసిస్టరుతో మరియొక ఎల్‌ఈడీ దీపము చాలును. తప్పు మాస్కు వేసినపుడు ఏ దీపము ఆరునో విద్యార్థి ముందుగా చెప్పగలిగిననాడు పాఠము ఫలించినట్లు.