హద్దు గీసుకున్న కలాల పెట్టె

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ వెలసిన స్టేషనరీ దుకాణాలలో జెల్ పెన్నులదే రాజ్యం కనుక అక్కడ సిరా కలాలు సేకరించదలచినవారు మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగి, ఆబిడ్స్‌లో 1928లో మొదలైన దక్కన్ పెన్ స్టోర్స్ దాకా వెళ్లవలసి ఉంటుంది. అయితే అక్కడ కనబడినదల్లా కొంటే పెట్టె నిండుతుందే కాని, ఏ రెండు కలాలనూ పక్కపక్కన పెట్టి పోల్చే వీలుండదు. ఒకే పదార్థం, ఒకే నింపుడు పద్ధతి, ఒకే ప్రాంతం అని హద్దు గీసుకున్నప్పుడే పనివాడి చేతిలోని తేడాలు కంటబడతాయి.

తెలుగువారికి అటువంటి హద్దు రాజమహేంద్రవరంలో సిద్ధంగా ఉంది. గాంధీజీ స్వదేశీ బోధతో కె.వి. రత్నం 1932లో అక్కడ కలాల తయారీ చేపట్టగా, ఆయన చేసిన కలం బజారులోని విదేశీ కలాలకు బదులు నిలువగలదని గాంధీజీయే 1935లో ఆయనకు లేఖ రాశారు. 1946లో గైడర్ పేరుతో మరో కార్ఖానా అదే ఊళ్లో వెలిసింది.

ఈ కలాలకు ప్రాణం ఎబొనైట్, అంటే సహజ రబ్బరులో గంధకం హెచ్చుపాళ్లలో కలిపి గంటల తరబడి వేడిచేయగా గట్టిపడే పదార్థం. దాని కడ్డీని లేత్ మీద తిప్పుతూ, ఉలితో చెక్కి, లోపల తొలిచి, మరలు కోసి, చివరకు మెరుగు పెడతారు. చాలా వాటిలో సిరా సంచి ఉండదు. కలం కడుపులోకే ఫిల్లర్‌తో సిరా పోస్తారు. సిరా తగ్గిన కొద్దీ లోపల గాలి పెరిగి, చేతి వేడికి అది వ్యాకోచించి పాళీ నుంచి చుక్కలు రాల్చే ప్రమాదం ఉంది. వేడిని త్వరగా లోపలికి పోనివ్వని ఎబొనైట్ ఆ ప్రమాదాన్ని కొంత తగ్గిస్తుంది. అయినా మూడొంతులు ఖాళీ అయ్యేలోగా మళ్లీ నింపుకోవడం మేలు.

పాళీ ఎంపికలో మన లిపి కూడా మాట్లాడుతుంది. లావు పాళీతో రాస్తే ఘ, ఝ వంటి అక్షరాలలోని వంపులు పూడిపోతాయి, ఒత్తులు ముద్దకడతాయి. సన్నని పాళీ ఎదురు దిశలో కాగితాన్ని గీరకుండా తిరగాలి. కాబట్టి కొనేముందు సంతకం గీకి చూడడం చాలదు, ఒత్తులున్న వాక్యమొకటి రాసి చూడాలి.

పాతవి కొనేవారు రంగు చూసి తొందరపడరాదు. ఎండకూ వేడినీటికీ ఎబొనైట్ నలుపు వెలిసి గోధుమరంగుకు తిరుగుతుంది. దానిని సాన పట్టిస్తే పేర్లూ చెక్కడాలూ అరిగిపోతాయి కనుక వెలిసినదానిని వెలిసినట్టే ఉంచడం ఉత్తమం. చల్లని నీటితో కడిగి, పిగ్మెంటు సిరాలకు దూరంగా ఉండి, వాడని కలాన్ని సిరా తీసి చీకటి పెట్టెలో పెడితే చాలు.