తోటరాముడి చేతికి తుపాకీ

సాయంత్రం షాపూర్‌నగర్ టీకొట్టు ముందు కుర్రాళ్లు ఫోన్ల మీదికి వంగి "మామా, రివైవ్ ఇయ్యి రా" అని అరుస్తుంటే, మా కుత్బుల్లాపూర్‌లో తుపాకీ ఆటలదే రాజ్యమనిపిస్తుంది. కానీ అవి పాత్రను పెంచుకునే రోల్ ప్లేయింగ్ ఆటలు కావు. ఆ ఆటల్లో కత్తీ మంత్రం గెలుస్తాయా, తుపాకీ గెలుస్తుందా తేలాలంటే ఒకే వంటవాడి చేతి కూరలు రెండు రుచి చూడాలి. బెథెస్డా సంస్థలో టాడ్ హోవర్డ్ దర్శకత్వంలోనే వచ్చిన స్కైరిమ్ (2011), ఫాలవుట్ 4 (2015) అలాంటివి.

స్కైరిమ్ మొదలయ్యేసరికి మీరు తల నరికే చోటికి బండి మీద వెళ్తున్న ఖైదీ. పేరూ రూపూ మీరే పెట్టుకోవాలి. విల్లు వాడేకొద్దీ విలువిద్య పెరుగుతుంది, నక్కి నడిచేకొద్దీ దొంగనడక అబ్బుతుంది. 'పాతాళభైరవి' (1951)లో తోటమాలి కొడుకు తోటరాముడు రాకుమారి కోసం సాహసాలకు బయల్దేరాడే, అదే దారి. చందమామ పత్రిక తిరిగిన ఇంట్లో మాంత్రికుణ్ణి కొత్తగా పరిచయం చెయ్యాలా?

ఫాలవుట్ 4లో అణుయుద్ధం తర్వాతి బోస్టన్. హీరోకి ముందే పెళ్లయింది, కొడుకు పుట్టాడు, వాణ్ణి ఎవరో ఎత్తుకుపోయారు. గొంతు కూడా ఆట తయారుచేసినవాళ్లిచ్చిందే. మాటకు మాట చెప్పాలంటే నాలుగు ముక్కల్లో ఒకటి నొక్కడమే. తుపాకీ పేలిస్తే మాత్రం మజాగా ఉంటుంది. స్కైరిమ్‌లో కత్తి దూదిమూటను కొట్టినట్టుంటుంది, ఒప్పుకోవాలి. అయితే సీసా మూతలే డబ్బుగా చెల్లే ఆ వెటకారం, 1950ల అమెరికా వాసన తెలిసినవాడికే పూర్తిగా అందుతుంది.

ఫాలవుట్ 4 విడుదలైన రోజుకే 1 కోటి 20 లక్షల ప్రతులు దుకాణాలకు వెళ్లాయి. స్కైరిమ్ మొత్తం అమ్మకాలు 6 కోట్లు దాటాయని 2023లో హోవర్డే చెప్పాడు. కొత్త ఆటల యంత్రం వచ్చినప్పుడల్లా దాన్నే మళ్లీ అమ్మారనుకోండి. అయినా కొన్నారుగా!

మరి షాపూర్‌నగర్ సంగతి? ఇక్కడి జనం 'బాహుబలి'కి ఎగబడ్డవాళ్లే, మాయాలోకాలంటే మొహం మొత్తలేదు. స్కైరిమ్‌కి కంప్యూటరో కన్సోలో కావాలి, పేజీలకు పేజీలు ఇంగ్లీషు చదవాలి. టీకొట్టు ముందు కుర్రాళ్లు ఆడే తుపాకీ ఆట బీజీఎంఐకి చేతిలో ఫోను చాలు, పైసా కట్టక్కర్లేదు, అరగంటలో ఒక ఆట అయిపోతుంది, మైకులో తిట్టుకునేది సొంత భాషలో. 2020 సెప్టెంబరులో పబ్‌జీని నిషేధిస్తే, 2021 జులైలో అదే ఈ కొత్త పేరుతో తిరిగొచ్చింది.

స్కైరిమ్ వచ్చి పదేళ్లు దాటింది. దాని భాషల జాబితాలో తెలుగు లేదు.