అవధానములో అంతరాయము

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములకు అవధానము కొత్త విద్య కాదు. జమ్మలమడుగులో జన్మించిన దుర్భాక రాజశేఖర శతావధాని (1888-1957), ఆ తాలూకాలోని నెమళ్ళదిన్నెకు చెందిన గడియారం వేంకట శేషశాస్త్రి (1894-1980) జంటకవులుగా అవధానములు చేసిరి. ఆ తరువాత ప్రొద్దుటూరులో సి.వి. సుబ్బన్న శతావధాని (1929-2017) అవధానములు చేయుటయే గాక, ఆ విద్యను గూర్చి పరిశోధన గ్రంథమును కూడ రచించిరి. ఇట్టి సంప్రదాయము గల చోట అవధానమునకు ప్రశంసలు కొదువ కావు. కాని ప్రశంస వేరు, విమర్శ వేరు. పులివెందుల ప్రాంతమునకు చెందిన ప్రసిద్ధ విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి సాహిత్యమును హేతుబద్ధముగా పరిశీలించుటకు పేరొందిరి. అట్టి పరిశీలన అవధానమునకును అవసరమే.

సభలలో తరచుగా వినబడు ప్రశంసలు మూడు: అవధాని ఎనిమిది పనులు ఏకకాలమున చేయును, ఆయన జ్ఞాపకశక్తికి హద్దు లేదు, ఇది కేవలము దైవదత్తము, సాధనకు లొంగదు. మెదడును గూర్చి నేడు తెలిసిన సంగతులతో ఈ మూడింటిని పోల్చి చూడవచ్చును.

మొదటిది ఏకకాలమను మాట. అష్టావధానములో పృచ్ఛకులు ఎనిమిదిమంది కూర్చున్నను, అవధాని ఒక సమయమున ఒకరికే సమాధానమిచ్చును. సమస్యకు ఒక పాదము చెప్పి దత్తపదికి పోవును. అచట ఒక పాదము చెప్పి వర్ణనకు పోవును. అనగా పని ఒకదాని వెంట ఒకటి జరుగుచున్నది. మెదడు స్వభావమును ఇంతే. ఆలోచించి నిర్ణయింపవలసిన పనులు రెండు ఒకేసారి ఎదురైనపుడు, మొదటిది తేలువరకు రెండవది వేచియుండును. పనినుండి పనికి మరలినప్పుడెల్ల కొంత కాలము వ్యయమగును, పొరపాట్లు పెరుగును. ఘంటాగణనము తేలికగా కనబడినను కష్టమగుటకు కారణమిదే. గంటలను లెక్కించుటకు మనస్సులో పలుకు మాట కావలెను; పద్యము కట్టుటకును అదే మాట కావలెను. బ్రిటనులో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రకారము, తాత్కాలిక స్మృతిలో పలుకులను నిలుపు భాగము చాల చిన్నది. ఒకే ఇరుకు సందులో రెండు బండ్లు ఎదురుపడినట్లు ఈ రెండు పనులును అచట ఢీకొనును.

రెండవది హద్దులేని జ్ఞాపకము. అమెరికాకు చెందిన జార్జి మిల్లర్ 1956లో మానవుడు ఒక్కమారు విని వెంటనే అప్పజెప్పగల అంశములు సుమారు ఏడని చూపెను. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు, పద్యమునకు 80. మరి అవధాని ఎట్లు నిలుపుకొనుచున్నాడు? అక్షరములుగా కాదు, గణములుగా, పాదములుగా. రెండవ అక్షరము ప్రాస, పదవ అక్షరము యతి. ఈ రెండు మేకులకు అర్థమును తగిలించినచో, తప్పిపోయిన మాట తన స్థానమును తానే చూపును. ఛందస్సు అలంకారము మాత్రమే కాదు, జ్ఞాపకమునకు కట్టిన పందిరి.

దీనికి దృష్టాంతమొకటి కలదు. అమెరికాలో ఒక విద్యార్థి సుమారు ఇరువది మాసముల సాధనతో ఏడు అంకెలనుండి 79 అంకెల వరకు విని అప్పజెప్పగలిగెనని 1980లో ప్రకటితమైనది. అతడు పరుగుపందెముల వాడు. అంకెలను పరుగు కాలములుగా మార్చి గుంపులు కట్టుకొనెను. కాని అంకెలకు బదులు అక్షరములు చెప్పగా, అతని శక్తి మరల ఆరింటికి దిగినది. సాధన వలన పెరిగినది జ్ఞాపకశక్తి మొత్తము కాదు, ఆ ఒక్క విద్యలోని నేర్పు. కాబట్టి పద్యధారణ అన్ని విషయములలో జ్ఞాపకమును పెంచునని చెప్పుట అతిశయోక్తి. సాధనకు లొంగదను మూడవ ప్రశంసయు దీనితోనే వీగిపోవుచున్నది.

మరి అవధానములో నిజముగా మెచ్చదగినదేది? అంతరాయమును దాటి మరల వచ్చుట. అప్రస్తుత ప్రసంగము చేయువాడు దారి తప్పింపవలెనను తలంపుతోనే ప్రశ్నించును. సమాధానము చెప్పి, విడిచిన పాదము కడకు అవధాని తిరిగి రావలెను. ఈ పని ఎంత విలువైనదో మెదడు దెబ్బతిన్నవారిని చూచినపుడు తెలియును. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అను యువకునకు మూర్ఛ తగ్గించుటకై శస్త్రచికిత్స చేసి, మెదడు ఇరుప్రక్కల హిప్పోకాంపస్ అను భాగమును చాలవరకు తొలగించిరి. అతని తెలివి తగ్గలేదు, మాట పోలేదు. మూడంకెల సంఖ్యను చెప్పగా మననము చేయుచు పావుగంట నిలుపుకొనెను. దృష్టి మరలిన వెంటనే సంఖ్యయే గాక, సంఖ్య చెప్పిరన్న సంగతియు మరచెను. అతనికి అప్రస్తుత ప్రసంగము ఒక్కటి చాలును, సభ అంతయు చెరిగిపోవును.

మెదడు ముందుభాగము దెబ్బతిన్నవారి కష్టము వేరు. లండనులో షాలిస్, బర్జెస్ అనువారు 1991లో అట్టి ముగ్గురిని పరీక్షించిరి. వారు తెలివి పరీక్షలలో బాగుగనే ఉండిరి. కాని బజారులో నాలుగు పనులు చక్కబెట్టుకొని రమ్మనగా తడబడిరి. చేయవలసినది తెలియును, తగిన వేళ దానికి మరలుటయే రాదు. పద్యమును నిలుపుటకు ఒక భాగము, పద్యము కడకు మరలించుటకు వేరొక భాగము కావలెనన్నమాట.

ఈ దృష్టితో చూచినచో అవధానమునకు ఒక లోపమును చెప్పవలసియున్నది. తొందరలో మెదడు సిద్ధముగానున్న సామగ్రినే అందించును. అందుచేత అవధాన పద్యములలో వాడుకపడిన విశేషణములు, ఊతపదములు ఎక్కువగా దొర్లును. పృచ్ఛకుల సంఖ్య పెరిగినంతమాత్రమున కవిత్వము పెరగదు. సంఖ్యను లెక్కించుటకు బదులు, అంతరాయము తరువాత వచ్చిన పాదము ముందటి పాదముతో ఎంత చక్కగా అతికినదో చూచుట మంచి కొలత.

దైవదత్తమను మాట వలన నష్టము సభకు మాత్రమే కాదు. బడిలో పద్యము మరచిన బాలునకు వరము లేదని తేల్చివేయుదురు. వానికి కావలసినది పాదవిభాగము, అర్థము, దినదినము మననము. ఇంటిలో పక్షవాతము తరువాత పని సగములో విడిచి కూర్చున్న పెద్దలను మొండివారందురు. వారిలో మరలించు భాగమే దెబ్బతిని యుండవచ్చును. వారికి ఒకేసారి నాలుగు పనులు గాక ఒక్కొక్కటిగా చెప్పి, నడుమ గుర్తుచేసినచో చాలవరకు నెరవేరును. ఇక మూతి వంకర పోవుట, చేయి పడిపోవుట, మాట తడబడుట హఠాత్తుగా కనబడినచో వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. రక్తపు గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యవలెను.

అవధాని మెదడు అందరి మెదడు వంటిదే. దాని హద్దులును అవే. ఆ హద్దులనెరిగి, ఏండ్ల తరబడి సాధన చేసి, మాట మాటకు అడ్డుపడువారి నడుమ నాలుగవ పాదమునకు చేరుటయే ఆయన ఘనత. దానిని అద్భుతమని విడిచిపెట్టుటకంటె శ్రమయని గుర్తించుటయే ఆయనకు ఎక్కువ గౌరవము.