మసూర్‌తో ఓడెక్కేది

పప్పుకి కూడా కెనడా మీద ఆధారపడాలా అని ఈ వారం ఒక పాఠకుడు కోపంగా ఉత్తరం రాశారు. నాకైతే అక్కడినుంచి వచ్చే మసూర్ పప్పు మీద కోపం రాదు. పప్పుజాతి పంట ఎక్కడ పండినా నేను దాని పక్షమేనని ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు.

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో చాలాకాలం ఒక ఏడాది గోధుమ వేసి, మరుసటి ఏడాది తేమ నిలుస్తుందని నేలని ఉత్తగా దున్ని వదిలేసేవారు. నేలకి విశ్రాంతి అనుకున్నారు. లోపల సూక్ష్మజీవులు మాత్రం వేసవంతా సేంద్రియ పదార్థాన్ని తింటూ నైట్రేటు వదులుతూనే ఉన్నాయి. మంచు కింద కూడా అవి పూర్తిగా ఆగవు. మట్టి రేణువులని అంటుకుని గడ్డకట్టని పల్చటి నీటిపొర ఉంటుంది, అది చాలు వాటికి. ఆ నైట్రేటుని అందుకోడానికి పంట వేళ్లే లేవు. దశాబ్దాలు గడిచేసరికి నేల సారంలో పెద్ద భాగం పోయింది. 1978లో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం లెయర్డ్ అనే మసూర్ రకం విడుదల చేశాక, ఆ ఖాళీ ఏడాదిలోకి క్రమంగా మసూర్ వచ్చి చేరింది.

అక్కడా మనలాగే విత్తనానికి, గాలిలోని నత్రజనిని పట్టే రైజోబియం బ్యాక్టీరియాని పట్టిస్తారు. పూతకొచ్చిన మొక్కని, మన పెసరచేలోదైనా సరే, మెల్లగా పెళ్లగించి వేళ్లు కడిగి చూడండి. ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. అది లెగ్‌హీమోగ్లోబిన్. ఆక్సిజన్ ఎక్కువైతే నత్రజని పట్టే ఎంజైము చెడిపోతుంది కనక ఇది ఆ ఆక్సిజన్‌ని అదుపులో పెడుతుంది. ఎరుపు పోయి పచ్చబడితే పని ఆగిపోయినట్టు. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

కాని ఆ నత్రజనిలోనూ చాలామటుకు గింజతోనే వెళ్లిపోతుంది. భాస్వరం సంగతి మరీ కష్టం, దానికి గాలిలో నిల్వ లేదు. దక్షిణ అల్బర్టా మట్టిలో దొరికిన పెనిసీలియం బిలాయే అనే బూజు, మట్టిలో బిగుసుకున్న భాస్వరాన్ని ఆమ్లాలతో కరిగిస్తుంది. ఉన్నదాన్ని విడిపిస్తుందంతే, కొత్తగా చేర్చదు. టన్ను మసూర్‌తో సుమారు 3, 4 కిలోల భాస్వరం ఓడెక్కుతుంది. పప్పుజాతి పంట నేలకి ఇచ్చేదే తప్ప తీసుకునేది లేదన్న మాట ఇక్కడ నిలవదు.

మనం తిన్న భాస్వరం మురుగులో కలుస్తోంది. సస్కాచెవాన్‌కి తిరిగి పంపలేం. ఫాస్ఫేట్ రాయి కోసం మొరాకో, జోర్డాన్‌ల దాకా పోయే మనం, ఇళ్ల మురుగులో ఫ్యాక్టరీ నీళ్లు కలవకుండా చూసి, అందులోని భాస్వరాన్ని పట్టి ఊరిపక్క చేలకైనా చేర్చాలి.