ఎనిమిది బైట్లకు ఒక కాపలా బైటు

సీ, సీ ప్లస్ ప్లస్‌లలో ప్రోగ్రాములు రాసేవాళ్లను అడగండి, ఏ తప్పంటే హడలో చెప్తారు. మాలోక్‌ను 13 బైట్లు అడిగి, 14వ బైటులో రాసేస్తాం. లేదా ఫ్రీ చేసేసిన చోటికే పాత పాయింటర్ పట్టుకుని మళ్లీ వెళ్తాం. ప్రోగ్రాం అక్కడ ఆగితే గొడవే లేదు. ఆగదు. హీప్‌లో పక్కనున్న డేటా పాడై, ఎప్పటికో ఏ పాపం ఎరగని ఫంక్షన్‌లో కుప్పకూలుతుంది. ఒక్కోసారి అదీ జరగదు: 64 బిట్ల లినక్స్‌లో 13 బైట్లు అడిగితే గ్లిబ్‌సీ లైబ్రరీ నిజానికి 24 ఇస్తుంది కనుక, తప్పు ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పడి ఉండొచ్చు.

ఈ తప్పుల్ని పట్టే పరికరాలు పాతవే. 1987లో బ్రూస్ పెరెన్స్ రాసిన ఎలక్ట్రిక్ ఫెన్స్, ప్రతి ముక్కనూ ఒక మెమరీ పేజీ చివర ఉంచి, తర్వాతి పేజీని ఎవరూ తాకకుండా మూసేసేది. చక్కని ఉపాయమే గానీ, 13 బైట్ల కోసం 4,096 బైట్ల పేజీలు రెండు పోతాయి. జూలియన్ సీవార్డ్ మొదలుపెట్టిన వాల్‌గ్రైండ్ కంపైలైన ప్రోగ్రాంను ఉన్నదున్నట్టే తీసుకుని నడుపుతూ పరీక్షిస్తుంది. దాని మెమ్‌చెక్ కింద ప్రోగ్రాం 20, 30 రెట్లు నెమ్మదించడం మామూలే.

ఆ నెమ్మదిని తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకుని గూగుల్ ఇంజనీర్లు కాన్‌స్టాంటిన్ సెరెబ్రియానీ, డెరెక్ బ్రూనింగ్, అలెగ్జాండర్ పొటాపెంకో, ద్మిత్రీ వ్యూకోవ్ చేసిన పరికరం అడ్రస్ శానిటైజర్. 2012లో యూజ్‌నిక్స్ సదస్సులో దాని మీద పత్రం ఇచ్చారు. అందులో నన్ను కట్టిపడేసింది ఒక చిన్న గమనింపు. మాలోక్ ఇచ్చే ప్రతి అడ్రసూ కనీసం 8 గుణిజం. అంటే 8 బైట్ల గుంపు ఏది తీసుకున్నా, మొదటి కొన్ని బైట్లు మనవి, మిగతావి కావు. మధ్యలో కన్నాలుండవు. కాబట్టి గుంపుకు ఉండగల స్థితులు తొమ్మిదే. వాటిని రాసుకోవడానికి ఒక్క బైటు చాలు, ఇంకా బోలెడంత చోటు మిగులుతుంది.

ఆ బైట్లన్నీ ఉండే చోటే షాడో మెమరీ. 0 ఉంటే ఎనిమిదీ వాడుకోవచ్చు, 5 ఉంటే మొదటి ఐదు, రుణ సంఖ్య ఉంటే ఒక్కటీ కూడదు. ఎందుకు కూడదో కూడా ఆ సంఖ్యే చెప్తుంది: హెక్సాలో ఎఫ్‌ఏ అంటే ముక్కల మధ్య వదిలిన రెడ్‌జోన్, ఎఫ్‌డీ అంటే ఫ్రీ చేసిన చోటు. రెడ్‌జోన్ పొలాల మధ్య గట్టు లాంటిది. పైరు వేయరు, దాటితే తెలుస్తుంది. మన 13 బైట్లకు షాడోలో 0, 5 అని రెండు బైట్లు పడతాయి. 14వ బైటంటే రెండో గుంపులో ఆరోది. ఆరు ఐదుకు మించింది, ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది.

షాడో బైటు ఎక్కడుందో వెతకనక్కర్లేదు. అడ్రస్‌ను 3 బిట్లు కుడికి జరిపి ఒక స్థిరాంకం కలిపితే అదే చోటు. మెమరీని తాకే ప్రతి వాక్యం ముందూ కంపైలరే ఈ లెక్కను చొప్పిస్తుంది. 64 బిట్ల ఇంటెల్ లినక్స్‌లో ఆ స్థిరాంకం 2 జీబీకి 32 కేబీ తక్కువ. అంత చిన్నది ఎందుకంటే, ఇన్‌స్ట్రక్షన్‌లోనే ఇమిడిపోవాలి కనుక! మరి దారితప్పిన పాయింటర్ షాడోనే తాకబోతే? అదే లెక్క షాడో అడ్రస్ మీద వేస్తే వచ్చే చోటును ముందే మూసిపెట్టారు. తాకగానే ప్రోగ్రాం కూలుతుంది. అదనంగా ఒక్క పరీక్షా రాయకుండా కాపలాకే కాపలా పెట్టడం, నా దృష్టిలో, ఈ పనిలో అన్నిటికన్నా అందమైన చోటు.

ఫ్రీ చేసిన ముక్కల్ని వెంటనే మళ్లీ ఇవ్వకుండా క్వారంటైన్‌లో ఆపుతారు, మామూలుగా 256 ఎంబీ దాకా. తప్పు దొరికితే వచ్చే రిపోర్టు కూడా పొదుపుగా ఉంటుంది: ఎక్కడ తాకారు, ఎక్కడ ఫ్రీ చేశారు, మొదట ఎక్కడ తీసుకున్నారు. మూడింటికీ ఫైలు పేరు, లైను నంబరు. వీటన్నిటికీ పత్రంలో చెప్పిన ఖర్చు సగటున 73 శాతం నెమ్మది, 3.4 రెట్లు మెమరీ. రాబడి, ఒక్క క్రోమియం బ్రౌజర్‌లోనే 300కు పైగా కొత్త తప్పులు.

దీనికి దొరకనివీ ఉన్నాయి. రెడ్‌జోన్ మీదుగా దూకి మరో సజీవమైన ముక్కలో పడితే కనిపెట్టలేదు. ఒకే స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డు దాటి పక్క ఫీల్డులో రాసినా మామూలుగా ఊరుకుంటుంది. నడవని దారిలో ఉన్న తప్పు సంగతి సరేసరి. అందుకే దీన్ని ఫజర్‌తో, అంటే రకరకాల ఇన్‌పుట్లు తనంతట తానే పుట్టించి ప్రోగ్రాంను నడిపే పరికరంతో, జతకడతారు. 2014లో లోకాన్ని కుదిపేసిన హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపాన్ని, ఆ మరుసటి ఏడు హానో బెక్ ఈ జంటతో కొన్ని గంటల్లోనే మళ్లీ పట్టి చూపించారు.

జీసీసీలో, క్లాంగ్‌లో ఇది ఎప్పటినుంచో ఉంది. విడిగా కొననక్కర్లేదు, కంపైల్ చేసేటప్పుడు ‘ఎఫ్‌శానిటైజ్=అడ్రస్’ అన్న ఆప్షన్ ఇస్తే చాలు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో సీ ల్యాబ్ నడిపే మాస్టార్లకు నా విన్నపం ఒకటే: పాయింటర్ల పాఠం చెప్పే రోజునే పిల్లలకు దీన్నీ చూపించండి.