నోస్ఫెరాటు చలనచిత్రము: దోషవిచారము

కావ్యలక్షణమున దోషరాహిత్యమును జేర్పవలయునా, వలదా యను వివాదము ఆలంకారికులలోఁ బ్రాచీనమైనది. శబ్దార్థములు దోషము లేనివై యుండవలయునని మమ్మటుఁడు కావ్యప్రకాశమున లక్షణము చెప్పెను. సాహిత్యదర్పణకారుఁడైన విశ్వనాథుఁడు దాని నాక్షేపించి, దోషమే లేని కావ్యము లోకమున మిక్కిలి యరుదనియుఁ, బురుగు తొలిచినంతమాత్రమున రత్నము రత్నత్వమును గోలుపోదనియు వాదించెను. ఈ వివాదమునకుఁ జక్కని యుదాహరణము జర్మనీ దేశపు మూకచలనచిత్ర మొకదానియందు దొరకుచున్నది. ఎఫ్. డబ్ల్యూ. మూర్నౌ దర్శకత్వమున 1922లో వెలువడిన నోస్ఫెరాటు అనునదియే యది. స్వల్పవ్యయముతోఁ దీసిన రక్తపిశాచకథ. దోషములు వెదకకయే కనఁబడును. అయినను నూఱేండ్లు దాఁటినను సహృదయులు దానిని విడువలేదు. ఏల విడువలేదో విచారించుట యుక్తము.

ముందుగా నొక పదవిచారము. 1870లో రిచర్డ్ బర్టన్ బేతాళకథలను ఆంగ్లమునఁ జెప్పుచు బేతాళునకు ‘వాంపైరు’ అను పేరు పెట్టెను. అది సరికాదు. బేతాళుఁడు శవము నావేశించి, రాజునకుఁ గథ చెప్పి, ప్రశ్న వేయువాఁడు. నెత్తురు పీల్చుట యాతని ముఖ్యధర్మము గాదు. ఐరోపీయుల వాంపైరు తానే శవము. రాత్రులందు లేచి, బ్రదికియున్నవారి నెత్తుటితోఁ దన యునికిని నిలుపుకొనును. కావున నిచట రక్తపిశాచ మనుటయే తగును.

కథకు మూలము బ్రామ్ స్టోకరు 1897లో వెలువరించిన డ్రాక్యులా నవల. చిత్రమును నిర్మించినది ప్రాణా ఫిల్మ్ అను చిన్నసంస్థ. ఆ పేరిటిలోనిది మన ప్రాణశబ్దమే. హక్కుదారుల యనుమతి లేకయే, పేళ్లు మార్చి కథను గైకొనిరి. డ్రాక్యులా ఓర్లోక్ అయ్యెను; లండను విస్బోర్గ్ అయ్యెను. 1922 మార్చి 4వ తేదీన బెర్లినులో ప్రథమప్రదర్శనము వైభవముగా జరిగెను. పిమ్మట స్టోకరు భార్య ఫ్లారెన్స్ వ్యాజ్యెము వేసెను. సంస్థ దివాలా తీసెను; అది తీసిన చిత్ర మిదియొక్కటియే. ప్రతులన్నింటిని నాశనము చేయవలసినదని 1925లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. అప్పటికే దేశాంతరములకుఁ బోయిన ప్రతులవలనఁ జిత్రము బ్రదికినది.

ఇతివృత్తము సరళము. హుట్టరను యువకుఁడు తన యజమానియగు నాక్ పంపున కార్పేతియను కొండలకుఁ బోయి, ఓర్లోక్ ప్రభువునకు విస్బోర్గులో నొక యింటిని విక్రయించును. ఆ ప్రభువే రక్తపిశాచము. హుట్టరు భార్యయగు ఎలెన్ చిత్తరువును జూచి మోహించి, మట్టి నింపిన శవపేటికలతో నోడ యెక్కి విస్బోర్గు చేరును. ఓడలోనివారు మడియుదురు, ఎలుకలు పురమునఁ బడును, మహామారి వ్యాపించును. ఎలెన్ తన్ను దానే బలియిచ్చుకొని, కోడి కూయువఱకుఁ బిశాచమును దనకడ నిలుపును. సూర్యకిరణము సోఁకి యది నశించును. నవలలోని పిశాచము పగటియందును దిరుగఁగలదు; ఎండ సోఁకి పిశాచము నశించుట యీ చిత్రముతో మొదలై, తరువాతి చిత్రములకు సంప్రదాయ మయ్యెను.

ఇఁక దోషములు. మొదటిది, చీఁకటిలోనే తిరుగవలసిన పిశాచము పట్టపగటి వెలుఁగున నడచుట. రెండవది, నరుఁడు తోఁడేలై తిరుగుచున్నాఁడని యూరివారు వెఱచుచుండఁగాఁ దెఱపై దుమ్ములగొండిని జూపుట. మూఁడవది, పిశాచరథపు వేగమును జూపఁబోయి, గుఱ్ఱములను గంతులు వేయు నాటబొమ్మలవలెఁ జేయుట. నాలుగవది, హుట్టరు వేషధారి నవ్వినను వెఱచినను మితి మీఱుట. ఐదవది, ప్రభువు తన శవపేటికను దానే మోసికొనుచు వీథులవెంటఁ బోవుట.

ఇవన్నియు నొక్క జాతివి కావు. శ్రుతికటుత్వాదులు శృంగారమున దోషములే యైనను రౌద్రమున దోషములు కానేరవని ధ్వన్యాలోకకర్త తెలిపెను. రసమును బట్టి తొలఁగునది యనిత్యదోషము. ఏ రసమునందును దొలఁగనిది నిత్యదోషము. ఈ విభాగమునే యిచటఁ బాటింపవలెను. బొమ్మగుఱ్ఱముల గంతు వీరమున నైనచో హాస్యాస్పదము. భయానకమున నది ప్రాణము లేని దేదో కదలుచున్నదను శంకను బుట్టించును. ఆ ప్రయాణముననే యడవిని నలుపు తెలుపులు తాఱుమాఱు చేసి చూపిరి. చెట్లు తెల్లనివై, నింగి నల్లనిదై, లోకాంతరము దోఁచును. ఇది ఖర్చు లేని యుపాయము. శవపేటికను మోయు ప్రభువును జూచి మొదట నవ్వు వచ్చును. లోకమున నాతనికి సేవకుఁ డొక్కఁడును లేఁడని స్ఫురించినంతనే యా నవ్వు నిలిచిపోవును.

పేదఱికము మఱియొక మేలును జేసెను. 1920 నాఁటి కాలిగారి చిత్రమునకు రంగులు పూసిన కృత్రిమకుడ్యములు గట్టిరి. మూర్నౌ బృందము స్లొవేకియాలోని ఓరావా కోటకును, విస్మార్ వీథులకును, ల్యూబెక్ నగరపు పాత యుప్పుకొట్లకును బోయి తీసెను. అడవియు శూన్యగృహమును భయానకమునకు విభావములని భరతుఁడు చెప్పెను. అవి యిచట సహజములై దొరకినవి. పిశాచము మెట్లెక్కునప్పుడు దేహము కనఁబడదు, గోడపై నీడ మాత్రమే కనఁబడును. ఆ నీడచేయి ఎలెన్ హృదయమును బట్టును. వాచ్యముగాఁ జూపినచో జుగుప్స మిగులునది, వ్యంగ్యమగుటచే భయమై నిలిచినది.

పగటి వెలుఁగు దోషము కవిది కాదు, లేఖకునిది. రాత్రిదృశ్యములను బగటియందుఁ దీసి ప్రతులకు నీలిరంగు వేయుట నాఁటి సంప్రదాయము. రంగు లేని ప్రతులే పెక్కేండ్లు వ్యాపించుటచేఁ బిశాచ మెండలో నడచుచున్నట్లు తోఁచెను. పారిస్ నగరమున భద్రమైన పాతప్రతి యొకటి యాధారముగా రంగులను బునరుద్ధరించిరి. 2006 నాఁటి పరిష్కరణమునఁ జీఁకటి చీఁకటిగానే యున్నది. తాళపత్రములను సరిచూచిన పండితులకుఁ బాఠదోషమును గ్రంథకర్తపై మోపరాదని వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

మిగిలినవి దుమ్ములగొండియు, హుట్టరు నటనయును. వీనికిఁ బరిహారము లేదు; అయినను నివి పురుగు తొలిచిన చిన్నరంధ్రములు. వీనికంటె లోఁతైన దోష మొకటి కలదు. పరదేశమునుండి వచ్చిన వంకరముక్కువాఁడు, వానివెంట నెలుకలు, పిదప మహామారి: ఈ కల్పనయందు యూదులను దూషించు నాఁటి వికృతచిత్రముల పోలికను బెక్కండ్రు విమర్శకులు గుర్తించిరి. రోగమునకు నొక మనుష్యరూపమును గల్పించి చూపుట ప్రమాదకరము. ఇది రసమునకు సంబంధించినది మాత్రమే కాదు, లోకమునకును సంబంధించినది.

ఒరిస్సా సరిహద్దున, అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్న ముంచింగిపుట్టు మొదలగు మన్యసీమల స్థితిని దలఁచినచో నీ మాట బరువు తెలియును. అచటి కొండలలోఁ జలిజ్వరము చిరకాలపు శత్రువు. మరణమునకుఁ గారణము చిల్లంగియని నమ్మి, పొరుగువానిని మంత్రగాఁడని యనుమానించి, కొట్టి చంపిన దురంతములు మన్యమున జరిగినవి. డ్రాక్యులా వెలువడిన 1897లోనే, ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమకడుపున మలేరియాక్రిమిని గనుఁగొనెను. నెత్తురు పీల్చి ప్రాణము దీయున దెయ్యదియో తెలుఁగునేలపైననే తేలినది. అయినను నీడలను జూచి మనుష్యుని శంకించుట యింకను దీఱలేదు.

ఈ దోషమునకు విఱుగుడు చిత్రమునందే కొంత యున్నది. మహామారికి వెఱచిన పురజనులు బలికొఱకై వెదకి, మతి చెడిన నాక్ వెంటఁబడి ఱాళ్లు రువ్వుదురు. పొలమున దిష్టిబొమ్మను జూచి నాక్ అనుకొని దానిపైఁ బడి చీల్చివేయుదురు. ఆ సమయమున నెలుకలు పురమున యథేచ్ఛగాఁ దిరుగుచునే యున్నవి. జనుల క్రోధము తప్పు చోటఁ బడినదని మూర్నౌ యే మాటయుఁ జెప్పక చూపెను. చిత్రము మూకమగుటచే భాష యడ్డురాదు; నడుమ వచ్చు కొలఁదిపాటి వ్రాఁతఫలకములను దెలుఁగునఁ గాని, ముంచింగిపుట్టు ప్రాంతపు టాదివాసి ఒరియాయందుఁ గాని యుపాధ్యాయుఁడు చెప్పిన చాలును. మన శాసనము చలనచిత్రమున కిచ్చిన యఱువదేండ్ల స్వామ్యము తీఱిపోయినది గాన దానిఁ జూపుట కెవ్వరి యనుమతియు నక్కఱలేదు. దిష్టిబొమ్మ దృశ్యముకడఁ జిత్రము నాపి, ఊరివారు చంపఁబూనిన దెవరిని, ఊరిని జంపుచున్న దేది యని బాలురను బ్రశ్నింపవలెను. దుమ్ములగొండిని జూచి వారు నవ్వినచో నవ్వనిండు.